రెండు వందల తూటాలు

సేజ్ క్రాసింగ్, మోంటానా
ఏప్రిల్ 20, 1997

ఒరేయ్ లైల్,

నీకు ఫోన్ చేయడం శుద్ధ దండగ. మొన్న పది నిమిషాలు గొంతు చించుకున్నాను. కొట్లో కాఫీ తాగుతున్న లారీ డ్రైవర్లందరికీ నా సంగతులు తెలిశాయి గానీ నీకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. నలభై ఏళ్లు తుపాకులు బాగు చేస్తూ చెవుల్లో దూది కూడా పెట్టుకోకపోతే ఇంతే మరి. అందుకే ఉత్తరం. చదవడానికి చెవులతో పని లేదుగా.

సంగతేమిటంటే, కర్టిస్ హౌగెన్ అక్టోబరు మొదటి వారంలో జైలు నుంచి వచ్చేస్తున్నాడు. కోర్టువాళ్లు కాగితం పంపారు. రెండేళ్ల కిందట ఈ కొట్లోనే నా మొహానికి తుపాకీ ఆనించాడే, వాడే. నేను బోనెక్కి సాక్ష్యం చెబుతున్నంతసేపూ వాడు రెప్ప వెయ్యకుండా నన్నే చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. వాళ్లమ్మ ఇల్లు ఇక్కడికి ఆరు మైళ్లు. పెట్రోలుకైనా పాలకైనా ఈ దారిలో నా కొట్టే దిక్కు. మీ బావ పోయినప్పటి నుంచీ పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా గల్లాపెట్టె దగ్గర నేనొక్కదాన్నే.

అందుకని పిస్తోలు కొన్నాను. తిట్టకు. ఎమెట్ తుపాకుల కొట్లో కొన్నాను. సరికొత్తది, తొమ్మిది మిల్లీమీటర్లది. పల్చగా ఉంది, నడుముకి పెట్టుకుంటే స్వెటర్ కింద కనపడదు. షెరిఫ్ ఆఫీసు నుంచి అనుమతి కాగితం కూడా చేతికొచ్చింది. మా పక్క పొలం వెర్నా అయితే "ఇవాళే పెట్టేసుకో, ఇంకా ముహూర్తం చూస్తావేంటి" అంటోంది. ఎందుకైనా మంచిదని నిన్నడుగుతున్నాను. పెట్టేసుకోనా?

ఇక్కడ ఇంకా మంచు కరగలేదు. నిన్న మీ బావ కొన్న గాజు పళ్లెం, అదే ఆపిల్ రొట్టె కాల్చే పళ్లెం, చెయ్యి జారి ముక్కలైంది. మనసు పాడైపోయింది.

అక్క
ఆర్డిత్

*

ఎల్మ్ ఫోర్క్, నెబ్రాస్కా
ఏప్రిల్ 29

అక్కా,

తిట్టను గానీ, పెట్టుకోవద్దు. ఇప్పుడే పెట్టుకోవద్దు.

పెట్టెలోంచి తీసిన రోజే తుపాకీ నడుముకి దోపుకునే వీరుల్ని నా షాపులో చాలామందిని చూశాను. "కొత్తది కదా లైల్" అనేవాళ్లు. కొత్తది కాబట్టే నమ్మకూడదు. అది పేలుతుందని నీకెవరు చెప్పారు? అమ్మినవాడు. వాడు చెప్పక ఇంకేం చేస్తాడు?

నేను చెప్పినట్టు చెయ్యి. ముందు విప్పి, తుడిచి, నూనె వెయ్యి. ఫ్యాక్టరీలో పూసింది నూనె కాదు, తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు. తూటాలు నింపే మ్యాగజైన్లు రెండిచ్చి ఉంటారు. వాటి అడుగున గోళ్ల రంగుతో ఒకటి, రెండు అని రాయి. పేచీ వస్తే అది ఏ మ్యాగజైన్ పేచీయో తెలియాలి. తర్వాత వెర్నా వాళ్ల కంకర గుంటలోకి పోయి కాల్చు. రెండు వందల తూటాలు, వరసగా. మధ్యలో ఒక్కటి కూడా ఇరుక్కోకూడదు. నూట తొంభై తొమ్మిదోది ఇరుక్కున్నా సరే, మళ్లీ ఒకటి నుంచి మొదలు. అన్నీ ఒక్కరోజే కాల్చక్కర్లేదు, వేసవంతా పట్టినా పర్వాలేదు, అక్టోబరు దాకా టైముంది. ప్రతి తూటాకీ నోటుబుక్కులో ఒక గీత పెట్టు. ఇరుక్కున్న ప్రతిసారీ తేదీ, మ్యాగజైన్ నంబరు, ఎలా ఇరుక్కుందో నీ చేత్తో రాసి నాకు పంపు.

ఆ రెండు వందలూ పూర్తయ్యేదాకా అది నీ నడుము మీదికి ఎక్కకూడదు. అక్కర పడ్డ క్షణంలో పేలని తుపాకీ చేతిలో ఉండటం కంటే ఉత్త చేతులతో ఉండటమే నయం. కనీసం పరిగెత్తుతావు. మాటివ్వు. నువ్విచ్చిన మాట తప్పింది జన్మలో ఒక్కసారే, నాకిస్తానన్న సైకిల్ డోరిస్ పిన్ని కూతురికిచ్చావు. అది నాకింకా గుర్తుంది.

వాడు వస్తున్నాడంటే నాకూ భయంగానే ఉంది.

తమ్ముడు
లైల్

*

సేజ్ క్రాసింగ్
మే 18

ఒరేయ్ పంతులూ,

మాటిచ్చాను, తీసుకో. సైకిల్ సంగతి నలభై ఎనిమిదేళ్లు మోశావు, ఇంకో నలభై ఎనిమిదేళ్లు మొయ్యి.

ఇప్పుడు నా గోల విను. గోళ్ల రంగు పూశాను, నూనె వేశాను, గుంటలో కొట్టులోని పాత అట్టపెట్టెలు నిలబెట్టాను. మొదటి రోజు ముప్పై ఆరు తూటాలు ఠపాఠపా పోయాయి. నా అంతటిది లేదనుకున్నాను. ముప్పై ఏడోదానికి ఖాళీ గుల్ల బయటికి ఎగిరిపోకుండా, పైన తలుపు సందులో వేలు నలిగినట్టు నిటారుగా నిలబడిపోయింది. మళ్లీ ఒకటి. రెండోరోజు అరవై ఒకటి దగ్గర అదే గొడవ. మూడోరోజు పన్నెండుకే. ఒకసారి ఒకటో మ్యాగజైన్, ఒకసారి రెండోది. ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం. దీనికో లెక్కా పత్రం లేదు.

ఆదివారం చర్చిలో కాఫీల దగ్గర ఈ మాటెత్తడం నాదే బుద్ధి తక్కువ. ఈ ఊళ్లో ఇంతమంది పండితులున్నారని నాకు తెలీదురా. ఒకాయన నూనె ఎక్కువైందన్నాడు. వాళ్లావిడే పక్కన నిలబడి తక్కువైందంది. ఎమెట్ ఏమో "కొత్త కీళ్లు ఆర్డిత్, నాలుగు రోజులు అరిగితే అదే దారికొస్తుంది" అన్నాడు. పాస్టర్ గారు తూటాలు చలికి బిగుసుకున్నాయేమో అన్నారు. ఆయన జన్మలో తుపాకీ పట్టుకోలేదు. నేను అందరి మాటా విన్నాను. నూనె తుడిచాను, మళ్లీ పోశాను, తూటాల్ని ఎండలో కూడా పెట్టాను. నిన్న మళ్లీ ఇరవై రెండు దగ్గర ఆగింది.

నాకేం పాలుపోవట్లేదు. నువ్వడిగిన కాగితాలు మూడు పంపుతున్నాను. చూసి ఏమిటో తేల్చు. అక్టోబరు నేనాగమంటే ఆగదు.

అక్క

*

ఎల్మ్ ఫోర్క్
జూన్ 2

అక్కా,

తూటాల్ని ఎండబెట్టావా! వడియాలనుకున్నావా? ఇంకెప్పుడూ అలా చెయ్యకు. పాస్టర్ గారిని ప్రార్థనలు చూసుకోమను.

కాగితాలు అందాయి. రెండుసార్లు చదివాను, మూడోసారి భూతద్దం పెట్టి చదివాను. కొంచెం పెద్ద అక్షరాలు రాయక్కా. నా కళ్లజోడు పాతబడిపోయింది.

ఇలాంటివి తేల్చాలంటే ఒక్కొక్కటే మార్చి చూడాలి, అన్నీ ఒకేసారి కెలక్కూడదు. ముందు తూటాల కంపెనీ మార్చు. అప్పుడు పేచీ పోతే తూటాది తప్పు. పోకపోతే ఎమెట్ చేత యాభై కాల్పించు, వెర్నా చేత యాభై కాల్పించు. వాళ్లకీ ఇరుక్కుంటే తుపాకీది తప్పు, మొహమాటపడకుండా తిరిగిచ్చేసి ఇంకోటి తెచ్చుకో. ఎప్పట్లాగే అన్నీ రాసి పంపు. టైపు కొట్టించకు, చేత్తోనే రాయి.

కిందటి క్రిస్మస్‌కి కుడి భుజం పట్టేసిందన్నావు, తగ్గిందా? గుండీలు పెట్టుకోవడం, సంతకాలు చెయ్యడం అన్నీ మామూలుగానే ఉన్నాయా? ఊరికే అడుగుతున్నాను.

లైల్

*

సేజ్ క్రాసింగ్
జూన్ 25

ఒరేయ్ లైల్,

కళ్లజోడు కొనుక్కో పిసినారీ. నా అక్షరాల మీద పడతావేం? నా భుజం బాగుంది, నా గుండీలు బాగున్నాయి. తుపాకీ గురించి అడిగితే పెళ్లిచూపులకొచ్చినవాడిలా ఈ ఆరాలేంటి?

తూటాల కంపెనీ మార్చాను. పద్దెనిమిదికి ఆగింది. ఎమెట్ యాభై కాల్చాడు, ఒక్కటి ఇరుక్కోలేదు. వెర్నా యాభై కాల్చింది, ఒక్కటి ఇరుక్కోలేదు. వెర్నా కోడలు టామీ తెలుసుగా, ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది, దాని మణికట్టు నా బొటనవేలంత లేదు. అది కూడా కళ్లు సగం మూసుకుని యాభై కాల్చేసి "భలే సరదాగా ఉందే!" అంది. దానికీ ఇరుక్కోలేదు. తర్వాత నేను తీసుకున్నాను. తొమ్మిదోది. తొమ్మిదోదిరా!

నాకు ఒళ్లు మండిపోయింది. ఎమెట్ మంచివాడు, మారుమాట్లాడకుండా దాన్ని తీసుకుని అదే రకం ఇంకోటిచ్చాడు. మళ్లీ విప్పాను, తుడిచాను, గోళ్ల రంగు పూశాను, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను. అరవై నాలుగు దాకా బాగానే పోయింది. హమ్మయ్య, పాతదానిదే తప్పని అనుకున్నానో లేదో, అరవై ఐదుకి గుల్ల నిలబడింది. రెండోది కూడా నా చేతిలోకొచ్చేసరికి మొండికేసింది. రెండు తుపాకులు, రెండు కంపెనీల తూటాలు, నాలుగు మ్యాగజైన్లు. ఊరందరికీ పలుకుతుంది, నాకొక్కదానికే పలకదు. ఇదేం శాపంరా?

ఇంకా మూడు నెలలు. మొన్న శుక్రవారం కర్టిస్ వాళ్లమ్మ పాలకొచ్చింది. కౌంటర్ మీద పాలు పెట్టి, ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్లిపోయింది. ఏం చెప్పబోయిందో అని రోజంతా అదే ఆలోచన. నాకు ఏదీ అర్థం కావట్లేదు.

అక్క

*

ఎల్మ్ ఫోర్క్
జూలై 8

అక్కా,

ఇలాంటి పిస్తోలు పనిచేసేది అది వెనక్కి తన్నే బలంతోనే. తన్నినప్పుడు పైన జారే ఇనప భాగం, అదే స్లైడ్, పూర్తిగా వెనక్కి పోవాలి. అప్పుడే ఖాళీ గుల్ల బయటపడి కొత్త తూటా పైకొస్తుంది. అది వెనక్కి పోవాలంటే కింద పట్టుకునే పిడి కదలకూడదు. చెయ్యి దానితోపాటు వెనక్కి పోతే స్లైడ్ సగంలోనే ఆగిపోతుంది, గుల్ల నిలబడిపోతుంది. మణికట్టు వదులైతే ఇలా జరుగుతుంది. చేతి సన్నదనానికీ దీనికీ సంబంధం లేదు.

మణికట్టు బిగించి ఇంకో వంద కాల్చి చూడు. ఏ రోజు ఎన్నింటికి ఆగిందో మొదటి నుంచి అన్నీ ఒక పెద్ద కాగితం మీద మళ్లీ రాసి పంపు. నిదానంగా రాయి.

లైల్

*

సేజ్ క్రాసింగ్
ఆగస్టు 3

లైల్,

నా మణికట్టు వదులా? నా మణికట్టా? గడ్డకట్టే చలిలో ఆవు కడుపులోంచి దూడల్ని లాగిన చెయ్యిరా ఇది. మీ బావ మంచాన పడ్డప్పుడు ఆయన్ని లేపి కూర్చోబెట్టిన చెయ్యి. చిన్నప్పుడు నీ వీపు మీద ఎన్నిసార్లు పడిందో నిన్నే అడగాలి.

అయినా నువ్వన్నావని పళ్లు బిగబట్టి కాల్చాను. నూట నలభై రెండు దాకా పోయిందిరా. నూట నలభై రెండు! వెర్నా పక్కన నిలబడి లెక్కపెడుతోంది, ఇద్దరం ఊపిరి కూడా పీల్చలేదు. నూట నలభై మూడుకి నిలబడింది. నేను అక్కడే కంకర మీద కూలబడి ఏడ్చాను. చెబితే నవ్వుతావు. తూటా ఇరుక్కుందని అరవై మూడేళ్ల ముసలిది గుంటలో కూర్చుని ఏడ్చింది.

వెర్నా నా పక్కన కూర్చుని, "మధ్యమధ్యలో నీ చెయ్యి వణుకుతోంది ఆర్డిత్, చూసుకున్నావా?" అంది. కోపంతో వణుకుతోందన్నాను. "మొదటి తూటాకి కూడా కోపమేనా?" అంది. దానితో మాట్లాడటం మానేశాను. మూడు రోజులైంది.

మళ్లీ అన్నీ పెద్ద కాగితం మీద రాయమన్నావు. ఎందుకు? పంపినవన్నీ నీ దగ్గరే ఉన్నాయి. తుపాకీకి నా దస్తూరితో ఏం పని? నీ జూలై ఉత్తరంలో ఒక్క వెక్కిరింత లేదు. సైకిల్ లేదు, పాస్టర్ గారు లేరు. ఎవరో తుపాకుల కొట్టు యజమాని రాసినట్టుంది. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును నిన్ను. నువ్వు వెక్కిరించడం మానేశావంటే ఏదో దాస్తున్నావన్నమాట. మీ బావ ఎక్స్‌రే నువ్వు నాకంటే ముందు చూసినప్పుడు కూడా ఇలాగే మర్యాదగా మాట్లాడావు.

ఏమిటో చెప్పెయ్యి. ఇంకో కాగితం రాయను.

ఆర్డిత్

*

ఎల్మ్ ఫోర్క్
ఆగస్టు 15

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను.

నా కళ్లజోడు బాగానే ఉంది. నిరుడే కొన్నాను.

నీ ఉత్తరాలన్నీ పనిబల్ల మీద వరసగా పేర్చాను. తుపాకీ భాగాలు కొలిచే కాలిపర్ ఉంది కదా, అంగుళంలో వెయ్యో వంతు కూడా చెబుతుంది, దానితో నీ అక్షరాలు కొలిచాను. నా పేరులో మొదటి అక్షరం కిందటి ఏడాది క్రిస్మస్ కార్డు మీద పావు అంగుళం ఉంది. మేలో ఆరో వంతు. ఇప్పుడు నా ముందున్న ఉత్తరంలో పదో వంతు కూడా లేదు. ప్రతి వరసా మామూలుగా మొదలై చివరికొచ్చేసరికి చీమల బారు అయిపోతోంది.

నేను సైన్యంలో జర్మనీలో ఉన్నప్పుడు అమ్మ రాసిన ఉత్తరాలు నా దగ్గరే ఉన్నాయి. పెట్టెలోంచి తీసి వాటినీ పక్కన పెట్టి కొలిచాను. అవీ ఇలాగే చిన్నవైపోతూ వచ్చాయక్కా. చివరి ఏడాదివైతే సగంలోనే చదవడం ఆపేసి మడిచి పెట్టేసేవాణ్ణి. అమ్మకి వణుకుడు జబ్బని అప్పుడెవరూ నాకు రాయలేదు. పార్కిన్సన్ అనే పేరు కూడా అప్పుడు మనకి తెలీదు. కాగితం పొదుపు చేస్తోంది కాబోలు అనుకున్నాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

నీ మే ఉత్తరం చూడగానే నాకు అనుమానం వచ్చింది. అయినా నీతో అనలేదు. తూటాలు మార్చమన్నాను, వేరేవాళ్లచేత కాల్పించమన్నాను, దాన్ని మార్చి ఇంకోటి తెచ్చుకోమన్నాను. వెర్నాకి కూడా ఇరుక్కోవాలని, టామీకి కూడా ఇరుక్కోవాలని ఎంత కోరుకున్నానో నీకు తెలీదు. జీవితంలో మొట్టమొదటిసారి ఒక తుపాకీ చెడ్డదైతే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టాను. అది చెడ్డది కాలేదు.

నేను డాక్టర్ని కాదు. నా లెక్క తప్పు కావచ్చు. బిల్లింగ్స్ వెళ్లి నరాల డాక్టరుకి చూపించు. కోపగించుకోకు.

నీ తమ్ముడు
లైల్

*

సేజ్ క్రాసింగ్
ఆగస్టు 22

లైల్ గారికి,

తమరి ఉత్తరం అందింది. తుపాకీని పరీక్ష చెయ్యడమెలా అని అడిగితే తమరు నన్ను పరీక్ష చేశారన్నమాట. ఆరు వందల తూటాలు కాల్పించి, ఊళ్లో అందరి ముందూ నవ్వులపాలు చేయించి, నా అక్షరాల్ని కాలిపర్‌తో కొలుచుకున్నారు. చాలా సంతోషం.

ఇంక తమరు శ్రమపడి రాయనక్కర్లేదు.

ఆర్డిత్ ట్వైట్

*

ఎల్మ్ ఫోర్క్
సెప్టెంబరు 12

అక్కా,

రాయొద్దన్నా రాస్తున్నాను. నువ్వు నన్ను "గారు" అనడం ఇదే మొదటిసారి. కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

నా దగ్గర నాన్న రివాల్వర్ ఉంది. దానికి స్లైడ్ లేదు, గుల్ల నిలబడే ప్రసక్తి లేదు. వేలు నొక్కితే చక్రం తిరుగుతుంది, మణికట్టు ఎలా ఉన్నా పేలుతుంది. కావాలంటే కారులో పెట్టుకుని నేనే వస్తాను, ఎమెట్ కొట్లో కాగితాలు రాయించి నీ చేతిలో పెడతాను. అది పేలుతుందని హామీ ఇవ్వగలను. ఎటు పేలుతుందో హామీ ఇవ్వలేను. అది నీ చెయ్యి చూసి నువ్వే చెప్పాలి. ఈ విషయంలో మాటివ్వమని నిన్ను అడిగే ధైర్యం నాకు లేదు.

వాడొచ్చే రోజు దగ్గర పడుతోంది. నువ్వు ఉత్త చేతులతో కౌంటర్ వెనక నిలబడి ఉంటావని తలుచుకుంటే అన్నం సయించట్లేదు. నేను పెట్టిన నియమమే నిన్ను ఉత్త చేతులతో నిలబెట్టింది. అది తప్పో ఒప్పో నాకే తెలియకుండా పోయింది. ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే.

లైల్

*

సేజ్ క్రాసింగ్
అక్టోబరు 9

ఒరేయ్ తమ్ముడూ,

అక్షరాలు ఎంత పెద్దవో చూశావా? గీతల కాగితం మీద రెండేసి గీతలకి ఒక అక్షరం. డాక్టరు చెప్పింది, పెద్దగా రాయాలని పట్టుబట్టి రాస్తే కొంతకాలం చెయ్యి మాట వింటుందట. ఈ ఉత్తరానికి మామూలుగా ఒక కాగితం చాలు. ఇప్పుడు ఐదు పడుతున్నాయి. స్టాంపులకి నువ్వే ఇచ్చుకో.

నీ లెక్క తప్పు కాలేదు. బిల్లింగ్స్‌లో డాక్టరు నన్ను నడిపించింది, వేళ్లు ఆడించమంది, ఒక వాక్యం రాయమంది. అది చూసి "మీకు ఎప్పుడు అనుమానం వచ్చింది?" అంది. నేను "ఫిబ్రవరిలో" అన్నాను. పక్కనే వెర్నా ఉంది, మళ్లీ మాటలు కలిశాయిలే. నోరు తెరిచి చూసింది నన్ను.

అవునురా. అమ్మ చేతికి ఆరేళ్లు చెంచా పట్టించింది నేను. ఆ వణుకు ఎలా మొదలవుతుందో నాకు తెలీదనుకున్నావా? మీ బావ పళ్లెం పగిలిందని రాశాను, అలా చెయ్యి జారి పగిలినవాటిలో అది మూడోది. నువ్వు కొలవక ముందే నాకు తెలుసు. తెలిసీ, గుల్ల నిలబడ్డ ప్రతిసారీ "పాడు తుపాకీ" అని తిట్టాను. నువ్వక్కడ అది చెడ్డదవ్వాలని దణ్ణం పెట్టావు, నేనిక్కడ అదే దణ్ణం పెట్టాను. అక్కాతమ్ముళ్లం కలిసి ఏ పాపం ఎరుగని తుపాకీ మీద నెపం పెట్టాం. నీ మీద కోపం రావడానికి కారణం అదే. నువ్వు ముందుగా చేతులెత్తేశావు.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం పొద్దున పదింటికి కర్టిస్ వచ్చాడు.

నడుముకి ఏమీ లేదు. నా లెక్క నూట నలభై రెండు దాటలేదు, నీకిచ్చిన మాట తప్పలేదు. కొట్లో నేనొక్కదాన్నే. గంట మోగింది, తలెత్తితే వాడు. చిక్కిపోయాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. "కాఫీ ఉందా అండీ?" అన్నాడు. ఉందన్నాను. చెబితే నమ్మవు, ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు. రెండేళ్లు దాచుకున్న భయం ఎక్కడికి పోయిందో వెతికినా దొరకలేదు. వాడి చొక్కా గుండీ ఒకటి ఊడిపోయి ఉంది, అదే చూశాను.

కాఫీ పోద్దామని కెటిల్ ఎత్తాను. చెయ్యి మొదలెట్టింది. కప్పు చుట్టూ, కౌంటర్ మీద, వాడి టోపీ మీద కూడా కాఫీ. ఆపుదామంటే ఇంకా ఎక్కువైంది. వాడు నా చేతిని చూశాడు. వాడి మొహం పాలిపోయింది.

"వద్దండీ, పొయ్యద్దండీ," అన్నాడు. "నేను దేనికీ రాలేదు. ఒట్టు. సారీ చెబుదామని వచ్చా, అంతే. మీరలా వణక్కండి. నన్ను చూసి అలా వణక్కండి. నేను పోతా, మళ్లీ రాను."

వెళ్లిపోయాడు. తలుపు గంట కూడా మోగకుండా మెల్లిగా వేసి వెళ్లాడు. వాళ్లమ్మ జూన్‌లో చెప్పబోయి మింగేసింది అదే కాబోలు, వాడు సారీ చెప్పాలనుకుంటున్నాడని.

ఈ వణుకు నీ వల్ల కాదు, ఇది నా జబ్బు అని వాడితో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఒక మనసు "బాగా అయింది, వణకనీ, చూడనీ" అంది. ఇంకో మనసు వాడి వెనక పరిగెత్తమంది. ఏ మనసు నాదో తెలియక కెటిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా మొహానికి తుపాకీ పెట్టినవాడి మీద నాకు జాలెందుకు? పోనీ జాలి లేదంటే, మూడు రోజులుగా వాడి మొహమే కళ్ల ముందు ఎందుకు?

నాన్న రివాల్వర్ తేవద్దు. అది పేలుతుంది, ఈ చేతిలో ఎటు పేలుతుందో నాకూ తెలీదు. పిస్తోలు వెర్నాకి ఇచ్చేశాను, కాగితాలు మార్పించాను. వెర్నా నిన్న గుంటలో మొదటి నుంచి లెక్క మొదలుపెట్టి రెండు వందలూ కాల్చింది. గీతలు నేనే పెట్టాను. ఒక్కటి ఇరుక్కోలేదు. చివరి గీత పెట్టాక ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని నవ్వాం. వచ్చే వారం నుంచి టామీ నాతోపాటు కొట్లో ఉంటానంది. కాఫీ అదే పోస్తుంది.

రేపు శుక్రవారం. కర్టిస్ వాళ్లమ్మ పాలకొచ్చే రోజు. ఆవిడతో చెప్పాలా వద్దా అని ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచీ కొట్టుకుంటున్నాను. చెబితే సాయంత్రానికి నా జబ్బు ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే ఆ కుర్రాడు బతికున్నంతకాలం నా చెయ్యి తన వల్లే వణికిందనుకుంటాడు. వాడు చేసింది వాడు చేశాడు, శిక్ష పడింది. ఇది వాడు చెయ్యలేదు. నెపం పిస్తోలు మీద పెట్టాం, ఇప్పుడు వాడి మీద కూడా పెడితే ఎలా?

చెప్పేస్తాలే. ఇక్కడిదాకా రాసేసరికి తేలిపోయింది. మీవాణ్ణి వచ్చి కాఫీ తాగమను, టోపీ దూరంగా పెట్టుకోమను అని చెబుతాను.

నువ్వూ రా. మంచు పడకముందే బయల్దేరు. ఆ కాలిపర్ మాత్రం ఇంట్లో పెట్టి రా.

నీ అక్క
ఆర్డిత్